పాదాలు లెక్కపెట్టే సిస్టరమ్మ

కొత్తమొగపాలెం సర్కారు ఆసుపత్రిలో సత్యశ్రీ సిస్టరు చేరిన వారానికే ఊళ్ళో మగాళ్ళ గర్వం జానెడు పెరిగింది. కారణం ఏమంటే, ఆ పిల్ల వార్డులోకి వస్తూనే ముందుగా రోగుల కాళ్ళు పట్టుకునేది. చీటీ చూడదు, మిషను చూడదు, దుప్పటి కిందికి చెయ్యి దూర్చి రెండు పాదాలూ ఒకసారి పట్టుకుని వదిలిపెడుతుంది. జ్వరంతో పళ్ళు టకటక కొట్టుకుంటున్న ఓ ముసలాయన ఆ అదురులోనే చెయ్యెత్తి "శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు" అని దీవించేశాడు.

"నాకు పెళ్ళయి నాలుగేళ్ళయిందండి తాతగారూ. రెండేళ్ళ కూతురు కూడా ఉంది. ఇంకోసారి చేసుకోమంటారేంటి?"

"దీవెన వెనక్కి తీసుకోకూడదమ్మా. దాచుకో, మీ అమ్మాయికి పనికొస్తుంది" అన్నాడాయన, తగ్గకుండా.

ఆ పట్టుకోవడం భక్తితో కాదని పాపం వాళ్ళెవరికీ తెలియదు. సత్యశ్రీ వాళ్ళది రామచంద్రపురం. తండ్రికి బియ్యం కొట్టు. "బస్తా మూతి దగ్గర గుప్పెడు తీసి చూసేవాడు మోసపోతాడు. అడుగుకి చెయ్యి దూర్చేవాడు షావుకారవుతాడు" అనేవాడాయన. చెమ్మ ఎక్కడైనా అడుగు నుంచే మొదలవుతుందట. నర్సింగు చదివాక ఆ పిల్లకు మనిషి కూడా బస్తాయే అనిపించింది. లోపల కొంప మునుగుతున్నప్పుడు ఒళ్ళు ఉన్న నెత్తుటిని గుండెకూ మెదడుకూ దాచుకుని, దూరపు చుట్టాల్లాంటి కాళ్ళకు ముందుగా ఎగ్గొడుతుంది. మొహం ఇంకా నవ్వుతూనే ఉంటుంది, పాదం మాత్రం చల్లబడిపోతుంది. అందుకని సత్యశ్రీ చెయ్యి ఎప్పుడూ అడుగుకే వెళ్ళేది.

శ్రావణమాసం. ఆ వేళ పొద్దుటి నుంచీ ముసురు పట్టి, పదకొండు గంటలకే వార్డులో దీపాలు వేయాల్సి వచ్చింది. డాక్టరు ఉదయ్‌కుమార్ గారు మీటింగని భీమవరం వెళ్ళారు. వార్డులో ఉన్నది నలుగురు రోగులు, సత్యశ్రీ, ఆయా పెద్దింట్లమ్మ.

ఏడో నంబరు మంచం త్రిమూర్తులుది. రెండు రోజుల కిందట ఏరు సముద్రంలో కలిసేచోట మొగ దాటుతుంటే, కెరటం పడవను ఎత్తి కుదేసింది. తెడ్డు పిడి వచ్చి ఎడమ డొక్కలో పొడిచింది. ఎక్స్‌రేలో పక్కటెముక ఒకటి బీటవారినట్టు కనిపించింది. "నాలుగు రోజులు పడుకో, అదే అతుక్కుంటుంది" అన్నారు డాక్టరు గారు. పడుకోవడమైతే పడుకున్నాడు గానీ నోరు మాత్రం పడుకోలేదు. పాలెంలో త్రిమూర్తులు మాటంటే సగం చేప, సగం నీళ్ళు అని సామెత.

"ఓసారి పండుగప్ప పడిందే బుల్లెమ్మా" అని నిన్ననే సత్యశ్రీకి చెప్పాడు. "ఎంతదనుకున్నావు? దాన్ని గట్టుకి లాగేసరికి ఏట్లో నీళ్ళు మూరెడు తగ్గిపోయాయి. అవతలి గట్టువాళ్ళు పంచెలు ఎగ్గట్టుకుని నడిచొచ్చేశారు, చూడ్డానికి."

"పులుసుకి చింతపండు ఎంత పట్టింది బాబాయ్?"

"చెట్టునే ముంచాం."

అలాంటి మనిషి ఆ వేళ గోడకేసి చూస్తూ పడుకున్నాడు.

"ఇవాళ ఏ చేప పట్టావు బాబాయ్?" అంది సత్యశ్రీ.

"ఏం లేదండి" అన్నాడు. "మీరు మిగతావాళ్ళని చూసుకోండి."

ఆ 'అండి' వినేసరికి సత్యశ్రీ మంచానికి దగ్గరగా జరిగింది. కలెక్టరొచ్చినా 'ఏంటయ్యా' అని పిలిచే మనిషి, తనను బుల్లెమ్మా అనే మనిషి, మర్యాద నేర్చుకున్నాడు!

మిషను చూసింది. బీపీ నూట పది, డెబ్భై. నాడి డెబ్భై ఎనిమిది. ఆక్సిజన్ తొంభై ఏడు. మూడంకెలూ పెళ్ళిపందిట్లో తోరణాల్లా పచ్చగా వెలుగుతున్నాయి. దుప్పటి కింద చెయ్యి పెట్టింది. పాదాలు తడితడిగా, బావిలోంచి అప్పుడే తీసిన చెంబుల్లా ఉన్నాయి. చీలమండ దాకా చలి, ఆపైన వేడి. ఆ చలీ వేడీ కలిసేచోట బాల్‌పెన్నుతో నీలిగీత గీసి, పక్కన 11:10 అని రాసింది.

"అండీ" అన్నాడు త్రిమూర్తులు. "కొంచెం ఆవిణ్ణి జరగమనండి."

"ఎవరిని?"

"కాళ్ళ మీద కూర్చుందండి. చీరంతా తడి."

వెనకాల తడిబట్ట పెడుతున్న పెద్దింట్లమ్మ చేతిలో కర్ర టప్పున కింద పడింది.

మంచం చుట్టూ నేల చూసింది సత్యశ్రీ. నీళ్ళ కుళాయి ఉన్న గుమ్మం దగ్గర్నుంచి ఏడో నంబరు దాకా వరసగా తడి అడుగులు, చిన్నవి. వచ్చినవే ఉన్నాయి, వెళ్ళినవి లేవు.

"సుబ్బాయమ్మవై ఉంటాయి" అంది. సుబ్బాయమ్మ అతని భార్య.

"ఆవిడ పొద్దున్నే క్యారేజీ తేవడానికి వెళ్ళిందమ్మా, ఇంకా రాలేదు. ఇవి తుడవడం నాకిది మూడోసారి." పెద్దింట్లమ్మ గొంతు తగ్గించింది. "తడికాళ్ళ పేరంటాలు వచ్చింది."

ఆ కథ పాలెంలో పాలు తాగే పిల్లకు కూడా వచ్చు. వేటకెళ్ళిన మొగుడి కోసం ఓ ఇల్లాలు మొగ దగ్గర మోకాల్లోతు నీళ్ళలో నిలబడి మూడు రోజులు ఎదురుచూసిందట. మొగుడు రాలేదు, నీళ్ళు వచ్చాయి. ముత్తైదువగా పోయింది గనక పేరంటాలని పసుపూ కుంకుమా పెడతారు. కానీ ఆవిడ కాళ్ళకు పట్టిన చలి మాత్రం పోలేదట. ఎప్పుడైనా ఓ మగాడి కాళ్ళ మీద కూర్చుని వెచ్చబెట్టుకుంటుంది. వెచ్చదనం చాలక పైపైకి జరుగుతుంది.

"మోకాలి దాకా వచ్చిందంటే ఇక లేవదమ్మా" అంది పెద్దింట్లమ్మ. "అప్పుడు మనిషిని ఇంటికి తీసుకుపోయి వాకిట్లో తన వల మీద పడుకోబెడతారు. వల మీద పోయినవాణ్ణి వదిలేస్తుంది. మంచం మీద పోయినవాణ్ణి వెంట తిప్పుకుంటుంది."

"అలా ఎంతమందిని తీసుకెళ్ళారు, నీకు తెలిసి?"

"పదకొండుమంది."

"అందులో బతికినవాళ్ళు?"

"వల మీద పడుకున్నాక బతకడమేంటమ్మా, చోద్యం!"

పాలెంవాళ్ళను చూసి నవ్వుదామంటే సత్యశ్రీకి నవ్వు రాలేదు. చలి కాళ్ళ నుంచి పైకి ఎక్కితే మనిషి పోతాడని పుస్తకాలకంటే ముందే వీళ్ళకు తెలుసు. గుర్తు సరిగ్గానే పట్టారు. పట్టాక చేసే పనే తలకిందులు.

అతని మంచం కింద ప్లాస్టిక్ కవరులో మందులుంటే తీసి చూసింది. రెండు బీపీ మాత్రల అట్టలు, మడతలుపడ్డ ఓ చీటీ. పోయిన మాసం బీపీ నూట అరవై. అంతకుముందు నూట డెబ్భై. నూట అరవై ఉండే మనిషికి నూట పది ఆరోగ్యం కాదు, అది గండి. ఆ మాత్రల్లో ఒకటి గుండెను పరిగెత్తనివ్వని రకం. నెత్తురు తగ్గుతుంటే గుండె దౌడు తీయాలి. ఇక్కడ గుర్రం ముందరికాళ్ళకు బంధం వేసి, చూడండి ఎంత నెమ్మదైన గుర్రమో అంటోంది మిషను.

"ఒంటేలుకి వెళ్ళావా బాబాయ్?"

"రావట్లేదండి. దాహంగా ఉందండి."

"నొప్పెక్కడ?"

కుడిచేత్తో ఎడమ భుజం చూపించాడు. దెబ్బ డొక్కలో తగిలింది, భుజానికి గీత కూడా లేదు. లోపల కారిన నెత్తురు పైకి తన్నితే నొప్పి భుజంలో పలుకుతుందని ఆమె ఎక్కడో చదువుకుంది. ఎక్కడో కాదు, ఇప్పుడే ఈ భుజంలోనే చదువుతోంది.

రెండో గీత పిక్క మధ్యలో పడింది. 11:50.

అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. కిటికీల్లో ముసురు, వార్డులో బూడిదరంగు చీకటి. పట్టపగలు పన్నెండింటికి దీపాలు పెట్టే వేళలా అయిపోయింది. మిషను బ్యాటరీ మీద కుయ్ కుయ్ మంటోంది. సత్యశ్రీ అలవాటు కొద్దీ దుప్పటి కిందికి చెయ్యి దూర్చింది. కుడిపాదం. పక్కన ఎడమపాదం. ఆ పక్కన ఇంకోటి తగిలింది.

చిన్న పాదం. చాలాసేపు నీళ్ళలో నానిన చేతివేళ్ళలా మెత్తగా, ముడతలుముడతలుగా ఉంది. వేలికి మట్టె.

చెయ్యి లాక్కోవాలి కదా? లాక్కోలేదామె. భయంతో కొయ్యబారిపోయిందో, ఆరేళ్ళ అలవాటు అలాంటిదో, ఎంత చల్లగా ఉందో చూద్దామన్నట్టు ఆ పాదాన్ని అలాగే గుప్పిట్లో పట్టుకుని మూడంకెలు లెక్కపెట్టినంతసేపు ఉండిపోయింది. గుప్పిట్లో అది ఓసారి కదిలింది, పిచ్చుకపిల్ల సర్దుకున్నట్టు.

కరెంటు వచ్చింది. దుప్పటి విసురుగా లాగింది. రెండే పాదాలు. రెండూ త్రిమూర్తులువే. వేళ్ళకు మట్టెలేమీ లేవు, ఓ గోరు ఊడి ఉంది.

సత్యశ్రీ చీటీ తీసుకుంది. 'రెండు కాళ్ళూ చల్లగా, చెమటతో' అని రాసింది. మూడో కాలికి ఆ చీటీలో గడి లేదు. ఉన్న రెండు కాళ్ళ సంగతి ముందు చూడాలి, మూడోదాని సంగతి బతికుంటే తర్వాత చూసుకోవచ్చు అనుకుని ఫోను తీసింది.

"బీపీ ఎంత?" అన్నారు డాక్టరు గారు. వెనక మైకు మోగుతోంది.

"నూట పది, డెబ్భై సార్. నాడి డెబ్భై ఎనిమిది."

"బాగానే ఉంది కదమ్మా. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి చూస్తుండు, సాయంత్రం వస్తాను."

"సాయంత్రం దాకా ఆగడు సార్. ఈయన మామూలు బీపీ నూట అరవై. నాడిని బీపీ మాత్ర తొక్కిపెట్టింది. ఒంటేలు లేదు. దెబ్బ లేని ఎడమ భుజంలో నొప్పి. పదకొండింటికి చీలమండ దగ్గరున్న చలి ఇప్పుడు పిక్క సగం దాటింది. గీతలు గీసి పెట్టాను. కడుపులో నెత్తురు కారుతోంది సార్."

అవతల మైకు చప్పుడు దూరమైంది. ఆయన బయటికి నడిచినట్టున్నారు. "నేను చూడకుండా ఎలా చెప్పను సత్యశ్రీ? ఆపరేషనుకి పంపించాక ఏమీ లేదంటే?"

"లేదంటే నన్ను తిట్టండి సార్. మీరు చూడలేదు, నేను చూశాను. ఈయన ఇవాళ నన్ను అండి అన్నాడు సార్."

ఆఖరి మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. కానీ డాక్టరు గారికి త్రిమూర్తులు తెలుసు. "రెండు చేతులకీ పెద్ద సూదులు పెట్టి సెలైను వదులు. అంబులెన్సు పిలువు. ఇక్కడ పెద్దాసుపత్రిలో సర్జనుతో నేను మాట్లాడతాను" అన్నారు.

సెలైను ఎక్కుతుండగా గుమ్మంలో ఆటో ఆగింది. సుబ్బాయమ్మ, వెనకే ఆమె తమ్ముడు అమ్మిరాజు. పెద్దింట్లమ్మ ఫోనులో ఏం ఊదిందో గానీ, క్యారేజీ లేకుండా వచ్చారు. అమ్మిరాజు తిన్నగా వచ్చి బావ కాళ్ళు తాకి చూశాడు. నీలిగీతలు చూశాడు. మూడో గీత మోకాలికి నాలుగు వేళ్ళ కిందుంది.

"ఆయ్, సిస్టరు గారూ, మీ మాట కాదని కాదండి. పేరంటాలు మోకాలి దగ్గరికి వచ్చేసిందండి. వాకిట్లో వల పరిచేశాం. సూదులు తీసేయండి, తీసుకుపోతాం."

"అంబులెన్సు వస్తోంది. భీమవరం తీసుకెళ్తే ఆపరేషను చేస్తారు. బతుకుతాడు."

"బతుకుతాడని రాసిస్తారా?"

అలా సత్యశ్రీ రాసివ్వలేదు. ఏ నర్సూ రాసివ్వలేదు.

సుబ్బాయమ్మ ఏడవడం లేదు. భర్త నుదుటి మీద జుట్టు సర్దింది. "మా నాన్న పట్నం ఆసుపత్రిలో మంచం మీద పోయాడమ్మా" అంది నెమ్మదిగా. "పదేళ్ళపాటు మా అమ్మ రోజూ పొద్దున్నే గుమ్మంలో తడి అడుగులు తుడిచేది. చెప్పులేసుకోవయ్యా అని తిట్టేది, కనపడని మనిషిని. నా మొగుణ్ణి కూడా అలా తిప్పమంటావా?"

ఇదంతా మూఢనమ్మకమండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది సత్యశ్రీకి. అరగంట కిందట గుప్పిట్లో కదిలిన పాదం గుర్తొచ్చి ఆ మాట మింగేసింది. మరి ఏమనాలి? బస్తా అడుగుకి చెయ్యి దూర్చినట్టు అడిగింది.

"అక్కా, ఒక్క మాట చెప్పు. వల మీద ఉండాలన్నారు. ఇంట్లోనే ఉండాలన్నారా?"

సుబ్బాయమ్మ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పెద్దింట్లమ్మ వైపు చూశాడు. పెద్దింట్లమ్మ పైకి చూసి పెదాలు కదిపి, తాతల నాటి మాటలన్నీ ఓసారి తిరగేసుకుంది.

"వల మనిషి కిందుండాలనే అన్నారు" అంది చివరికి. "వల ఎక్కడుండాలో అనలేదు."

"అయితే వల పట్టుకురండి. అంబులెన్సులో ఆయన కింద వేస్తాను. భీమవరం దాకా తన వల మీదే వెళ్తాడు." సుబ్బాయమ్మ చెయ్యి పట్టుకుని అతని తొడ మీద పెట్టింది. "ఇక్కడ వెచ్చగా ఉంది చూడు. ఇంకా రాలేదావిడ. ఎక్కేలోపు వెళ్ళిపోదాం."

సుబ్బాయమ్మ ఆ చెయ్యి అలాగే ఉంచింది. ఉన్నట్టుండి తలెత్తి, "ఏరా, చూస్తావేంటి? వల తీసుకురా!" అని కసిరింది. అమ్మిరాజు పరిగెత్తాడు.

అంబులెన్సు, వల ఒకేసారి వచ్చాయి. డ్రైవరు ముక్కు మూసుకున్నాడు. "ఇదేంటి మేడం, మనిషిని తీసుకెళ్ళాలా, రొయ్యల లోడా?"

"రెండూ. పోనివ్వండి."

పెద్దింట్లమ్మను వార్డులో ఉంచి, రోగుల్ని పక్క వార్డు సిస్టరుకు అప్పజెప్పి, సత్యశ్రీ బండెక్కింది. స్ట్రెచరు మీద నీలం వల నాలుగు మడతలు, దాని మీద త్రిమూర్తులు. ఒక కాలి దగ్గర సుబ్బాయమ్మ, రెండో కాలి దగ్గర సత్యశ్రీ. ఇద్దరి మధ్యా ఇంకొకరు కూర్చునేంత ఖాళీ ఎందుకు వదిలారో ఇద్దరూ ఒకర్నొకరు అడగలేదు. కాలవ మీద వంతెన ఎక్కుతుంటే డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"వెనక తలుపు తీశారా మేడం? దబ్బుమంది."

తలుపు వేసే ఉంది. గడియ మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వానే అయ్యుంటుంది.

"పోనివ్వండి" అంది సత్యశ్రీ.

భీమవరంలో కడుపు తెరిస్తే లోపల లీటరున్నర నెత్తురు. ఎడమ పక్కటెముకల చాటున ఉండే ప్లీహం చిట్లి, రెండు రోజులు బిగబట్టుకుని, ఆ పొద్దున తెగబడిందట. ఇంకో గంట ఆగితే మా చేతుల్లో కూడా లేకపోయేదని సర్జను అన్నట్టు ఉదయ్‌కుమార్ గారు ఫోను చేశారు. "ఇకపై నువ్వు కాళ్ళు చల్లగా ఉన్నాయంటే నేను బీపీ అడగనమ్మా" అన్నారు కూడా.

ఇరవై రెండు రోజులకు త్రిమూర్తులు ఆసుపత్రి గుమ్మంలో దిగాడు. చేతిలో రెండు చందువా చేపలు, పొట్ట మీద జానెడు కుట్టు.

"బుల్లెమ్మా! కడుపులో వాళ్ళకి ఏం దొరికిందో తెలుసటే? తెడ్డు ముక్క, లంగరు, మా తాత పోగొట్టుకున్న ఉంగరం..."

మళ్ళీ బుల్లెమ్మా అన్నాడు. సత్యశ్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. "మా నాన్నకు తెలిస్తే ఆ ఉంగరం తూకం వేయమంటాడు బాబాయ్" అంది.

కాసేపు నవ్వాక అతను గొంతు తగ్గించాడు. "ఇది మాత్రం నిజమే. ఆవిడ వంతెన దగ్గర దిగిపోయింది. దిగుతూ నీకో మాట చెప్పమంది."

"సగం చేప, సగం నీళ్ళు" అంది సత్యశ్రీ.

"సరే, నీళ్ళే అనుకో. 'నేను అందరి కాళ్ళూ పట్టుకునేదాన్ని, నా కాళ్ళు పట్టుకున్నది ఈ పిల్లొక్కతే' అంది. 'మట్టె కాస్త వదులైంది, ఊడిపోకుండా పట్టుకుంది, చెయ్యి ఎంత వెచ్చగా ఉందో' అంది. 'మళ్ళీ ఎప్పుడైనా వస్తానని చెప్పు' అంది."

మట్టె సంగతి సత్యశ్రీ ఎవరికీ చెప్పలేదు. పెద్దింట్లమ్మకు చెప్పలేదు, చీటీలో రాయలేదు, మొగుడికి కూడా చెప్పలేదు.

"ఏంటే, అలా తెల్లబోయావు? ఏదీ, చెయ్యిలా ఇయ్యి" అంటూ త్రిమూర్తులు ఆమె అరచెయ్యి పట్టుకుని చూశాడు. "వెచ్చగానే ఉంది. ఇంకేం ఫరవాలేదు."

ఇప్పటికీ సత్యశ్రీ సిస్టరు వార్డులోకి వస్తూనే కాళ్ళు పట్టుకుంటుంది. ముసలాళ్ళు ఇప్పటికీ దీవిస్తారు. ఒక్క ఏడో నంబరు మంచం దగ్గర మాత్రం ఆ పిల్ల దుప్పటి కింద చెయ్యి పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటుంది. ఒకటి, రెండు. అక్కడితో ఆగిందంటే పక్క మంచానికి జరుగుతుంది.

ఓ వేళ ఆగకపోయినా, గుప్పిట మాత్రం వదలదు. అడుగున చెయ్యి పెట్టడమే ఆమె పని. అక్కడ ఎవరి కాలు తగిలినా ముందు ఎంత చల్లగా ఉందో చూస్తుంది, ఎవరిదో తర్వాత అడుగుతుంది.